కొత్త టీవీ, పాత ఆంప్లిఫయర్: మధ్యలో ఏ కేబుల్, ఏ అడాప్టర్? (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వెళ్దాం.

మన ఇళ్లలో ఇప్పుడు తరచూ కనిపించే ఏర్పాటు ఒకటి తీసుకుంటాను. గోడ మీద 55 అంగుళాల 4కే టీవీ. దాని కింద సెట్‌టాప్ బాక్స్. పక్కనే పదేళ్ల కిందట కొన్న హోమ్ థియేటర్ ఆంప్లిఫయర్. ఆంప్ లక్షణంగా పనిచేస్తోంది, స్పీకర్లకు ఏ ఢోకా లేదు. చిక్కల్లా ఒక్కటే. ఆంప్ వెనక ఉన్నవి ఎర్ర, తెల్ల ఆర్‌సీఏ సాకెట్లు. కొత్త టీవీ వెనక అవి లేవు. షాపుకెళితే ఒకరు ఐదారు వందల డబ్బా చేతిలో పెడతారు, ఇంకొకరు మూడు వేల కేబుల్ అంటగడతారు, మూడో ఆయన ‘ఇవన్నీ పారేసి సౌండ్‌బార్ కొనుక్కోండి సార్’ అంటాడు. ముగ్గురిలో ఎవరి మాట వినాలన్నది మీ టీవీ వెనక, ఆంప్ వెనక ఏమున్నాయో చూస్తేనే తేలుతుంది. అందుకని షాపుకు బయల్దేరే ముందు రెండింటి వెనక భాగాలకూ ఫోన్‌తో దగ్గర నుంచి ఫొటోలు తీసుకోండి. సాకెట్ పక్కన ఇన్ అని ఉందా, అవుట్ అని ఉందా, ఆ అక్షరాలు కనిపించాలి.

ఈ ఇన్, అవుట్ దగ్గరే సగం మంది బోల్తా పడతారు. చాలా కొత్త టీవీల్లో 3.5 ఎంఎం గుండ్రటి రంధ్రం ఒకటి ఉంటుంది, పక్కన ఏవీ ఇన్ అని రాసి ఉంటుంది. అది పాత డీవీడీ ప్లేయర్ బొమ్మను టీవీలోకి తెచ్చుకోవడానికి. దాంట్లోంచి శబ్దం బయటికి రాదు. అచ్చం అలాంటి రంధ్రమే, హెడ్‌ఫోన్ బొమ్మ ఉన్నది ఉంటే మాత్రం మీ పని చాలా తేలికైనట్టే. 3.5 ఎంఎం స్టీరియో నుంచి రెండు ఆర్‌సీఏ పిన్నులకు వెళ్లే మామూలు కేబుల్ వంద, నూటయాభైకి దొరుకుతుంది. ఆంప్‌కు రెండే ఛానళ్లు ఇవ్వాలనుకుంటే అంతకు మించి ఖర్చు పెట్టక్కర్లేదు. దాంట్లో ఇంకో సుఖం కూడా ఉంది. టీవీ రిమోట్‌తోనే సౌండు పెరుగుతుంది, తగ్గుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే రెండు రిమోట్ల గొడవ తప్పుతుంది. టీవీ వాల్యూమ్ 70, 80 దగ్గర ఉంచి, అసలు స్థాయిని ఆంప్ మీద సర్దుకోండి. టీవీ 15లో, ఆంప్ ఫుల్లులో పెడితే సినిమా కంటే వెనకాల ఉస్సుమనే శబ్దమే ఎక్కువ వినిపిస్తుంది.

హెడ్‌ఫోన్ సాకెట్ లేదనుకోండి. లేదా 5.1, అంటే ఆరు ఛానళ్ల శబ్దం, కావాలనుకోండి. అప్పుడు శబ్దాన్ని వెలుగుగా పంపే ఆప్టికల్, బొమ్మనూ శబ్దాన్నీ ఒకే కేబుల్‌లో పంపే హెచ్‌డీఎంఐ అనే రెండు దారులు మిగులుతాయి. ముందు హెచ్‌డీఎంఐ సంగతి చూద్దాం, డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే కాబట్టి.

హెచ్‌డీఎంఐ తొలి ప్రమాణం 2002 డిసెంబరులో వచ్చింది. కేబుల్‌లో 19 పిన్నులుంటాయి, అందులో వెళ్లేది అంకెలే. అంకెలు సరిగ్గా చేరితే రెండు వందల కేబుల్‌లోనూ, ఐదు వేల కేబుల్‌లోనూ బొమ్మ ఒక్కటే. బంగారు పూత వల్ల రంగులు గాఢమవడం, నలుపు చిక్కబడటం ఉండదు. పూత వల్ల పిన్నుకు తుప్పు పట్టదు, సముద్రం పక్కన విశాఖలోనో కాకినాడలోనో ఉండేవాళ్లకు అది కొంత పనికొస్తుంది, అంతే. మరి కేబుల్ చాలకపోతే ఎలా తెలుస్తుంది? తెరమీద అక్కడక్కడా తెల్లటి చుక్కలు మెరుస్తాయి. లేదంటే రెండు మూడు సెకన్లు తెర నల్లబడి మళ్లీ బొమ్మ వస్తుంది. ఇంకా చాలకపోతే నో సిగ్నల్. బొమ్మ కాస్త మసగ్గా ఉంది, రంగులు పాలిపోయాయి అంటే నేరం కేబుల్‌ది కాదు, టీవీ సెట్టింగ్‌ది.

ఎంత వేగం కావాలో లెక్క చూడండి. 1080పీ బొమ్మ సెకనుకు 60 ఫ్రేములైతే 4.46 గిగాబిట్లు. 4కే బొమ్మ 30 ఫ్రేములకు 8.91 గిగాబిట్లు. అదే 4కే 60 ఫ్రేములైతే 17.82. ఇప్పుడు కేబుళ్ల తరగతులు చూడండి. హై స్పీడ్ అని ఉన్నదాన్ని 10.2 గిగాబిట్ల దాకా పరీక్షిస్తారు. ప్రీమియం హై స్పీడ్ 18 దాకా. అల్ట్రా హై స్పీడ్ 48 దాకా. అంటే సెట్‌టాప్ బాక్స్‌కు, ఫైర్ స్టిక్ లాంటి వాటికి, మామూలు 4కే సినిమాలకు ప్రీమియం హై స్పీడ్ సరిపోతుంది. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ పెట్టి 4కేలో 120 ఫ్రేములతో ఆడేవాళ్లే అల్ట్రా హై స్పీడ్ కొనాలి. ప్లేస్టేషన్ 5 పెట్టెలోనే ఆ కేబుల్ ఇస్తారు, దాన్ని పక్కన పడేసి ఇంకోటి కొనకండి.

షాపుల్లో మాత్రం ఈ పేర్లతో అడగరు, ‘టూ పాయింట్ వన్ కేబుల్’ అంటారు. డబ్బా మీద కూడా 2.1 అనో, 8కే అనో పెద్దక్షరాలు వేస్తారు. వెర్షన్ నంబరు పరికరాలకు సంబంధించినది. కేబుల్‌కు ఉండేది తరగతి. హెచ్‌డీఎంఐ లైసెన్సు ఇచ్చే సంస్థ కూడా కేబుల్ మీద వెర్షన్ నంబరు వేయొద్దనే చెబుతుంది. అల్ట్రా హై స్పీడ్, ప్రీమియం హై స్పీడ్ రెండింటికీ డబ్బా మీద స్కాన్ చేసి సరిచూసుకునే లేబుల్ అంటిస్తారు. హెచ్‌డీఎంఐ వాళ్లదే కేబుల్ సర్టిఫికేషన్ యాప్ ఉంది, దాంతో స్కాన్ చేస్తే అసలుదో కాదో తేలుతుంది. లేబుల్ లేని విడి కేబుల్ చెడ్డదనను, చాలావరకు నడుస్తుంది కూడా. కానీ వెనక్కి తీసుకోమని షాపువాడితో ముందే మాట్లాడుకోండి.

పొడవు పెరిగేకొద్దీ వేగం తట్టుకోదు, అది రాగి స్వభావం. 48 గిగాబిట్లకు రాగి కేబుల్ 3 మీటర్ల దాకా నమ్మకంగా ఉంటుంది. 18 గిగాబిట్లకు 5 మీటర్లు, మంచిదైతే ఇంకాస్త. 1080పీకి 10 మీటర్లయినా లాగించవచ్చు. హాల్లో ప్రొజెక్టర్ పెట్టి 12 మీటర్లు లాగాలంటే రాగి మీద ఆశ పెట్టుకోకుండా యాక్టివ్ ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకోండి. దాంట్లో బొమ్మ సిగ్నల్ గాజు పోగుల్లో వెలుగుగా వెళుతుంది, రెండు చివర్లా చిన్న చిప్పులుంటాయి. కాబట్టి దానికి దిక్కు ఉంటుంది. ఒక చివర సోర్స్ అని, రెండో చివర డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. తిరగేసి పెడితే ఏమీ రాదు. గోడలో ఇమిడ్చి, పైన సున్నం కొట్టించాక తిరగేసినట్టు తెలిస్తే ఆ బాధ ఎవరికి చెప్పుకుంటాం? గోడలోకి తోసే ముందు నేలమీదే రెండు చివర్లూ తగిలించి బొమ్మ వస్తుందో లేదో చూడండి. ఆ చిప్పులకు కరెంటు హెచ్‌డీఎంఐ పోర్టులోని 5 వోల్టుల పిన్ను నుంచే వస్తుంది. ప్రమాణం ప్రకారం పరికరం కనీసం 55 మిల్లీఆంపులు ఇస్తే చాలు, అంతకన్నా ఇవ్వాలన్న నియమం లేదు. అందుకే కొన్ని చిన్న స్టిక్కులతో ఈ పొడుగు కేబుల్ మొరాయిస్తుంది. పక్కన యూఎస్‌బీ తోక ఉన్న రకం తీసుకుంటే ఆ బెడద ఉండదు.

కేబుల్ మంచిదే, టీవీ మంచిదే, అయినా హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను బాగా చూపే బొమ్మ) రావడం లేదంటే పోర్టు సెట్టింగ్ చూడండి. చాలా టీవీల్లో పోర్టు పూర్తి వేగం ఫ్యాక్టరీ నుంచి ఆపేసి వస్తుంది. సోనీలో దీన్ని హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్ అంటారు, అక్కడ ఎన్‌హాన్స్‌డ్ ఎంచుకోవాలి. శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్. ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ డీప్ కలర్. ఏ పోర్టుకు ఆ పోర్టు విడిగా ఆన్ చేయాలి.

ఇక శబ్దం. హెచ్‌డీఎంఐలో శబ్దం వెనక్కి, అంటే టీవీ నుంచి సౌండ్‌బార్‌కో ఆంప్‌కో వచ్చే దారిని ఆర్క్ అంటారు. 2009లో 1.4 వెర్షన్‌తో వచ్చింది. 2017లో 2.1తో ఈఆర్క్ వచ్చింది. రెండింటికీ వేగంలో చాలా తేడా. ఆర్క్ సుమారు ఒక మెగాబిట్ స్థాయిది, ఈఆర్క్ 37 మెగాబిట్ల దాకా మోస్తుంది. ఈ అంకెలు చూసి అట్మాస్ (చుట్టూ, పైనుంచీ వినిపించే డాల్బీ శబ్దం) కావాలంటే ఈఆర్క్ తప్పనిసరి అని అమ్మేవాళ్లు చెబుతారు. సగమే నిజం. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వంటి యాప్‌లలో వచ్చే అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్‌లో ఇమిడి వస్తుంది, దాని బరువు 768 కిలోబిట్లకు మించదు. అది ఆర్క్‌లోనే పడుతుంది, టీవీ ఆ ఫార్మాట్‌ను పంపగలిగితే చాలు. బ్లూ-రే డిస్కుల్లో ఉండే ట్రూహెచ్‌డీ అట్మాస్‌కు, గేమ్ కన్సోల్ ఇచ్చే 7.1 పీసీఎంకు (కుదించని ఎనిమిది ఛానళ్ల శబ్దానికి) మాత్రం ఈఆర్క్ ఉండి తీరాలి. మీ ఇంట్లో బ్లూ-రే ప్లేయర్ లేదు, కన్సోల్ లేదు, చూసేదంతా యాప్‌లలోనే అంటే ఈఆర్క్ కోసం అదనంగా పదివేలు పోయనక్కర్లేదని నా అభిప్రాయం.

ఆర్క్ పెట్టాక శబ్దం రాకపోతే ఈ వరుసలో చూడండి. టీవీకి మూడు హెచ్‌డీఎంఐ పోర్టులున్నా ఆర్క్ అని రాసి ఉన్నది ఒక్కటే, కేబుల్ అందులోనే ఉండాలి. సౌండ్‌బార్ వైపు కూడా హెచ్‌డీఎంఐ అవుట్ అని, పక్కన ఆర్క్ అని ఉన్న పోర్టులో పెట్టాలి. హెచ్‌డీఎంఐ ఇన్‌లో పెడితే రాదు. ఆ తర్వాత టీవీ మెనూలో సీఈసీ (హెచ్‌డీఎంఐ ద్వారా ఒక పరికరం ఇంకోదాన్ని నడిపే సదుపాయం) ఆన్ చేయాలి. దీన్ని శాంసంగ్ ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. సౌండ్ అవుట్‌పుట్‌ను టీవీ స్పీకర్ నుంచి హెచ్‌డీఎంఐ ఆర్క్‌కు మార్చాలి. అప్పటికీ రాకపోతే రెండింటి ప్లగ్గులూ గోడ నుంచి పీకి, రెండు నిమిషాలాగి మళ్లీ పెట్టండి. రిమోట్‌తో ఆఫ్ చేస్తే చాలదు, స్టాండ్‌బైలో రెండు పరికరాల మధ్య జరిగిన పాత పలకరింపులు అలాగే ఇరుక్కుని ఉంటాయి. కేబుల్ కూడా కారణం కావచ్చు. ఆర్క్, ఈఆర్క్ 14వ పిన్ను మీద ఆధారపడతాయి. మరీ చౌక కేబుళ్లలో ఆ పిన్నుకు వైరు సరిగ్గా ఉండదు, బొమ్మ వస్తుంది కానీ శబ్దం వెనక్కి రాదు. ఈఆర్క్‌కు హై స్పీడ్ విత్ ఈథర్‌నెట్ అని ఉన్నదైనా, అల్ట్రా హై స్పీడైనా తీసుకోండి.

ఇప్పుడు మన అసలు రోగి దగ్గరికొద్దాం, ఎర్ర తెల్ల సాకెట్ల ఆంప్. దీనికి మందు ఆప్టికల్ నుంచి అనలాగ్‌కు మార్చే చిన్న డబ్బా. అగ్గిపెట్టెకు కాస్త పెద్దగా ఉంటుంది. ఒక పక్క ఆప్టికల్, కోయాక్సియల్ ఇన్. ఇంకో పక్క ఎర్ర తెల్ల అవుట్. 5 వోల్టుల కరెంటు పిన్ను. కొన్నింటికి హెడ్‌ఫోన్ సాకెట్, వాల్యూమ్ చక్రం కూడా ఉంటాయి. కొనేటప్పుడు దిక్కు చూసుకోండి. ఎర్ర తెల్ల నుంచి ఆప్టికల్‌కు మార్చే డబ్బా కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, అది మీకు పనికిరాదు.

తెచ్చాక, ఆప్టికల్ వైరు రెండు చివర్లా చిన్న ప్లాస్టిక్ టోపీలుంటాయి. అవి పారదర్శకంగా ఉండటం వల్ల కనిపించవు, చాలామంది వాటితోనే తోసేస్తారు. తీసేయండి. ప్లగ్గు చదరంగా ఉండి రెండు మూలలు కోసినట్టుంటుంది, ఒకే విధంగా దూరుతుంది, టిక్కుమని శబ్దం రావాలి. టీవీ వైపు పెట్టి రెండో చివర చూస్తే ఎర్రటి వెలుగు కనిపించాలి. వెలుగుంటే వైరు బాగున్నట్టే. ఆ వైరు లోపల ఒక మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ పోగు ఉంటుంది. మడత పెట్టి టేపు చుడితే లోపల పోగు నలిగి శబ్దం తెగి తెగి వస్తుంది. మిగిలిన వైరును వెడల్పు చుట్టగా వదిలేయండి. 5 మీటర్ల లోపు ఉంటే మంచిది.

ఇంతా చేశాక ఆంప్ ఆన్ చేస్తే శబ్దం రాదు. లేదంటే ఛానల్లో వస్తుంది, సినిమా పెట్టగానే పోతుంది. డబ్బా పాడైందని వెనక్కి ఇచ్చేసేవాళ్లు ఎందరో! డబ్బాలో లోపం లేదు. టీవీ ఆప్టికల్ నుంచి రెండు రకాల సరుకు పంపగలదు. పీసీఎం వడ్డించిన విస్తరి, ఎవరైనా తినొచ్చు. డాల్బీ బిట్‌స్ట్రీమ్ సీలు వేసిన పార్సిల్, విప్పడం తెలిసినవాడు అవతల ఉండాలి. మన ఐదారు వందల డబ్బాకు విప్పడం రాదు. టీవీ మెనూలో సౌండ్, అందులో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ అనే చోట ఆటో అనో బిట్‌స్ట్రీమ్ అనో డాల్బీ అనో ఉంటుంది. దాన్ని పీసీఎంకు మార్చండి. ఈ ఒక్క మార్పుతో పదింట తొమ్మిది ఫిర్యాదులు తీరిపోతాయి. సెట్‌టాప్ బాక్స్ నుంచే నేరుగా ఆప్టికల్ తీస్తుంటే, బాక్స్ మెనూలో కూడా అదే పని చేయాలి.

ఆప్టికల్‌లో టీవీ రిమోట్ వాల్యూమ్ సాధారణంగా పనిచేయదు. స్థాయి స్థిరంగా వెళుతుంది, ఆంప్ దగ్గరే తగ్గించుకోవాలి. ఇది ముందే ఇంట్లో వాళ్లకు చెప్పండి.

మరి 5.1 కావాలంటే? ఆంప్ వెనక ఆరు ఆర్‌సీఏ ఇన్‌పుట్‌లు ఉండాలి. ఫ్రంట్ రెండు, సెంటర్, సబ్‌వూఫర్, వెనక సరౌండ్ రెండు. మన దగ్గర అసెంబుల్ చేసిన ఆంప్‌లలో ఇవి సర్వసాధారణం. వీటికి 5.1 డీకోడర్ డబ్బా లేదా బోర్డు తీసుకోవాలి, హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట్ల విడిగా దొరుకుతాయి. ఇక్కడ టీవీ సెట్టింగ్ పూర్తిగా తిరగబడుతుంది. ఇప్పుడు డాల్బీ లేదా బిట్‌స్ట్రీమ్ పెట్టాలి. పీసీఎం పెడితే ఆప్టికల్‌లో రెండే ఛానళ్లు పడతాయి, వెనక స్పీకర్లు మూగబోతాయి. ఆప్టికల్‌లో వెళ్లగలిగింది డాల్బీ డిజిటల్ 640 కిలోబిట్ల దాకా, డాల్బీ లాంటిదే ఇంకో పద్ధతి డీటీఎస్ ఒకటిన్నర మెగాబిట్ల దాకా. డాల్బీ డిజిటల్ ప్లస్, ట్రూహెచ్‌డీ, అట్మాస్ వెళ్లవు. డబ్బా మీద అట్మాస్ అని రాసి ఉన్నా ఆప్టికల్ దారిలో అది జరిగే పని కాదు. యాప్‌లలో వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్‌ను చాలా టీవీలు మామూలు డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపుతాయి కాబట్టి 5.1 వరకు దక్కుతుంది.

పెన్‌డ్రైవ్‌లో సినిమా పెడితే బొమ్మ వస్తుంది, శబ్దం రాదు అన్నది ఇంకో పెద్ద ఫిర్యాదు. కేబుల్‌ను తిట్టకండి. ఆ ఫైల్లో శబ్దం డీటీఎస్‌లో ఉంది. శాంసంగ్ 2018 మోడళ్ల నుంచి డీటీఎస్ తీసేసింది. ఎల్‌జీ 2020లో తీసేసి 2023లో కొన్ని మోడళ్లకు తిరిగి ఇచ్చింది. ఆ ఫైలును డీటీఎస్ విప్పగల మీడియా ప్లేయర్‌లో పెట్టి, దాని నుంచి ఆంప్‌కు తీసుకోవాలి.

కోయాక్సియల్ గురించి రెండు మాటలు. చూడటానికి ఆర్‌సీఏ పిన్నే, నారింజ రంగు సాకెట్ ఉంటుంది, మోసేది ఆప్టికల్ మోసేదే. కేబుల్ 75 ఓమ్‌లది కావాలి. పాత డీవీడీ వైర్లలో పసుపుపచ్చ వీడియో వైరు అలాంటిదే, ఇంట్లో పడి ఉంటే అదే వాడేయండి. కానీ నారింజ సాకెట్ నుంచి తీసి ఆంప్ ఎర్ర సాకెట్‌లో గుచ్చితే పాట రాదు, గరగరలు వస్తాయి.

టీవీకి ఆప్టికల్ లేదు, ఆర్క్ ఒక్కటే ఉంది అన్న సందర్భంలో రెండు రకాల డబ్బాలు అమ్ముతారు, పేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. హెచ్‌డీఎంఐ ఆడియో ఎక్స్‌ట్రాక్టర్ అన్నది సెట్‌టాప్ బాక్స్‌కూ టీవీకీ మధ్యలో కూర్చుంటుంది. బాక్స్ నుంచి వచ్చే శబ్దాన్ని పక్కకు తీస్తుంది. టీవీలోని యాప్‌ల శబ్దం దానికి అందదు. ఆర్క్ అడాప్టర్ అన్నది టీవీ ఆర్క్ పోర్టుకు తగిలి, టీవీలో వచ్చే ప్రతి శబ్దాన్నీ ఇస్తుంది. ఎక్స్‌ట్రాక్టర్ కొంటే హెచ్‌డీసీపీ 2.2 (కాపీ కాకుండా కాపాడే తాళం) ఉందా అని చూడండి. 4కే సినిమాలకు అది లేకపోతే తెర నల్లగా ఉండటమో, బొమ్మ 1080పీకి పడిపోవడమో ఖాయం. దాని మీద చిన్న స్విచ్ ఉంటుంది, పాస్, 2సీహెచ్, 5.1 అని. ఎర్ర తెల్ల అవుట్‌లు వాడేవాళ్లు 2సీహెచ్‌లో ఉంచాలి. అప్పుడే బాక్స్ స్టీరియో పీసీఎం పంపుతుంది.

ఫోన్‌ను ఆంప్‌కు కలపడానికి వాడే టైప్-సి నుంచి 3.5 ఎంఎం అడాప్టర్లలోనూ రెండు జాతులున్నాయి. ఒకదాంట్లో వైర్లే ఉంటాయి, ఫోన్ తనంతట తాను అనలాగ్ శబ్దం ఇస్తేనే పనిచేస్తుంది. రెండో దాంట్లో అంకెలను అనలాగ్ శబ్దంగా మార్చే డీఏసీ చిప్ ఉంటుంది. డబ్బా మీద డీఏసీ అని రాసి ఉన్నదే తీసుకోండి. ఇక టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ కొనేముందు ఫోన్‌కు డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (టైప్-సి పోర్టు నుంచే బొమ్మ పంపే సదుపాయం) ఉందో లేదో చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్టున్న ఫోన్లలో ఉండదు, మధ్య ధర ఫోన్లు చాలావరకు ఆ కోవలోవే. ఏ కేబుల్ తెచ్చినా వాటి నుంచి బొమ్మ రాదు.

ఇప్పుడు కాస్త జాగ్రత్తగా వినాల్సిన విషయం. ఆంప్ కలిపాక గుయ్‌మని ఎడతెగని శబ్దం. టీవీ వెనక లోహపు భాగం తాకితే వేళ్లకు జివ్వుమనడం. రెండింటికీ మూలం ఎర్తింగే. మన టీవీలు, సెట్‌టాప్ బాక్సులు చాలావరకు రెండు పిన్నుల ప్లగ్గులవి. లోపలి పవర్ సప్లైలో ఉండే చిన్న కెపాసిటర్ వల్ల వాటి లోహపు భాగాలు మెయిన్స్‌లో దాదాపు సగం వోల్టేజీ దగ్గర తేలుతుంటాయి. కరెంటు చాలా స్వల్పం, మనిషికి ప్రమాదం కాదు, కానీ హెచ్‌డీఎంఐ చిప్‌ను పాడుచేయడానికి అది చాలు. మరోపక్క డిష్ నుంచో, వీధి స్తంభం నుంచో వచ్చే కోయాక్సియల్ వైరు తొడుగు ఇంకో వోల్టేజీలో ఉంటుంది. మూడు పిన్నుల ఆంప్ ఎర్త్‌కు కట్టి ఉంటుంది. వీటన్నింటినీ వైర్లతో కలపగానే తేడా కరెంటుగా పారుతుంది, ఆంప్‌లో గుయ్‌మంటుంది. కరెంటు ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ గుచ్చితే ఒక్కోసారి పోర్టే పోతుంది.

అందుకే ఏది కలిపినా ముందు అన్ని ప్లగ్గులూ పీకండి. డిష్ వైరు కూడా విప్పండి. హెచ్‌డీఎంఐ, ఆడియో వైర్లు కలపండి, తర్వాత డిష్ వైరు, చివరికి కరెంటు. గుయ్‌మనే శబ్దం ఉంటే డిష్ వైరు విప్పి చూడండి. ఆగిపోతే దోషం అక్కడుంది, కోయాక్సియల్ వైరుకు ఐసోలేటర్ తగిలించాలి. ఆంప్ ఎర్త్ పిన్ను కోసేసి శబ్దం ఆపే ‘మెకానిక్కులు’ ఉన్నారు. అలా చేయనివ్వకండి. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ పోయిన రోజున ఆంప్ బాడీకి పూర్తి 230 వోల్టులు వస్తాయి.

ఆప్టికల్ వాడితే మధ్యలో లోహమే లేదు కాబట్టి ఈ గొడవ రాకూడదు. అయినా కొందరికి వస్తుంది. ఎందుకంటే ఆ చిన్న డబ్బాకు కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి తీసుకుంటారు. ఆ యూఎస్‌బీ వైరు టీవీ గ్రౌండ్‌నూ ఆంప్ గ్రౌండ్‌నూ మళ్లీ కలిపేస్తుంది. విడిగా ఒక మంచి ఫోన్ ఛార్జర్‌తో ఇవ్వండి. మరీ చౌక ఛార్జర్ అయితే అదే కీచుమంటుంది, కాబట్టి ఫోన్‌తో వచ్చినదో, పేరున్నదో వాడండి.

కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు టీవీ వెనక నుంచి కింది అల్మరాకు 40 ఎంఎం పైపు వేయించండి. మామూలుగా ఎలక్ట్రీషియన్లు వేసే 25 ఎంఎం పైపులో హెచ్‌డీఎంఐ ప్లగ్గు తిన్నగా అయితే దూరుతుంది కానీ మలుపు దగ్గర ఇరుక్కుపోతుంది. మలుపులు కూడా పదునైన ఎల్బోలు కాకుండా పొడవాటి బెండ్‌లు పెట్టించండి. కరెంటు వైర్లకు వేరే పైపు ఉండాలి. పైపులో నైలాన్ తాడు ఒకటి వదిలేయండి, రేపు కేబుల్ మార్చాల్సి వస్తే దానికి కట్టి లాగొచ్చు. టీవీకీ గోడకూ సందు తక్కువైతే కేబుల్‌ను విరిచి వంచకండి, పోర్టు టాంకాలు వదులైపోతాయి. ఎల్ ఆకారం అడాప్టర్ పెట్టండి. అవి పైకి తిరిగేవి, కిందికి తిరిగేవి రెండు రకాలు. కొనేముందు పోర్టు ఫొటో చూసి వెడల్పు వైపు ఎటుందో సరిచూసుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మాటలు ముందు వస్తున్నాయి, పెదాలు తర్వాత కదులుతున్నాయి. ఏం చేయాలి?

సెట్‌టాప్ బాక్స్ నుంచి శబ్దం నేరుగా ఆంప్‌కు తీసుకుంటున్నారా? అదే కారణం. టీవీ బొమ్మను మెరుగుపరిచే పనిలో కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తుంది, శబ్దం ఆగకుండా వెళ్లిపోతుంది. ఆంప్‌లోనో, డీకోడర్‌లోనో డిలే ఉంటే పెంచండి. లేకపోతే బాక్స్‌ను టీవీకి హెచ్‌డీఎంఐతో కలిపి, శబ్దాన్ని టీవీ ఆప్టికల్ నుంచి తీసుకోండి. టీవీలో పిక్చర్ మోడ్‌ను గేమ్‌కు మార్చినా ఆలస్యం తగ్గుతుంది, కానీ సినిమాకు ఆ రంగులు బాగుండవు.

ప్రశ్న: ఈ వైర్లన్నీ ఎందుకండీ, బ్లూటూత్ రిసీవర్ పెట్టుకుంటే పోదా?

పాటలకైతే నిక్షేపంగా పెట్టుకోండి. సినిమాలకు వద్దు. బ్లూటూత్ శబ్దాన్ని కుదించి పంపే మామూలు ఎస్‌బీసీ కోడెక్‌తో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. శబ్దం ముందుంటే ఆపి ఉంచొచ్చు, వెనకబడితే ముందుకు లాగలేం, బొమ్మను ఆపగలిగే టీవీలు అరుదు. వైరు లాగలేని చోట రెండు వైపులా ఆప్టెక్స్ లో లేటెన్సీ ఉన్న జత తీసుకోండి. ఒకవైపే ఉంటే అది మళ్లీ ఎస్‌బీసీకే దిగిపోతుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్నాం. మంచిదో కాదో వాపసు గడువులోగా ఎలా తేల్చుకోవాలి?

హెచ్‌డీఎంఐ కేబుల్ అయితే మీ దగ్గరున్న పరికరం ఇవ్వగల అత్యధిక సెట్టింగ్ పెట్టండి, అంటే 4కే, 60 ఫ్రేములు, హెచ్‌డీఆర్. గంటసేపు నడపండి. చీకటి దృశ్యాల్లో తెల్ల చుక్కలు మెరుస్తున్నాయేమో చూడండి. మధ్యలో కేబుల్‌ను ప్లగ్గు దగ్గర మెల్లగా కదపండి. ఒక్కసారి తెర నల్లబడినా వెనక్కి పంపేయండి. ఆడియో డబ్బా అయితే మొదట పీసీఎంలో పెట్టి ఒక పాట, ఒక సినిమా, ఒక న్యూస్ ఛానల్ మూడూ వినండి. ఏమీ ప్లే చేయకుండా ఆంప్ వాల్యూమ్ సగానికి పెంచి చెవి పెట్టండి. సన్నటి ఉస్సు ఉంటే ఫర్వాలేదు. కీచుమంటుంటే ముందు ఛార్జర్ మార్చండి, అప్పటికీ తగ్గకపోతే డబ్బా మార్చండి. రెండు గంటలయ్యాక డబ్బాను తాకి చూడండి, గోరువెచ్చగా ఉండటం మామూలే. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే వాడకండి.